పుట త్రిప్పు విధము

గత క్రిస్మసు కూటమునాడు మా పాఠశాల గాయకబృందము మూడవ పాటను పాడుచుండగా హార్మోనియము హఠాత్తుగా ఆగిపోయినది. వాయించు బాలుడు పుట త్రిప్పబోగా రెండు కాగితము లొక్కటిగా తిరిగినవి. ఉప్పలు నుండియు నాచారము నుండియు వచ్చిన తలిదండ్రులు ఎదుట కూర్చుండి యుండిరి. పిల్లలు శ్రుతి యందక మధ్యలోనే పాట మానివేసిరి. ఆ రాత్రి ఆ బాలుడు భోజనము చేయలేదు. అతని వాయింపులో లోపము లేదు. పుట త్రిప్పుటయు నేర్పదగిన విద్యయే యని మాకు తోచలేదు, లోపము మాది. కావున ఆ పాఠము నిచట వ్రాయుచున్నాము.

మన సంగీతమున ఈ చిక్కు అంతగా లేదు. కర్ణాటక విద్వాంసులు కృతులను కంఠస్థము చేసియే సభకు వత్తురు. సుబ్బరామ దీక్షితులవారు 1904వ సంవత్సరమున తెలుగు లిపిలో ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ స్వరసహితమైన మహాగ్రంథమే. అయినను అది అభ్యాసమునకు ఉద్దేశింపబడినది. మన క్రైస్తవ కీర్తనల పుస్తకములందును రాగతాళముల పేర్లును చరణములును ఉండును. పాడు విధమును పెద్దల నోట వినియే నేర్తుము. పాశ్చాత్య గీతములు నాలుగు గొంతులకు ఐదు గీతల స్వరలిపిలో వ్రాయబడును. గొంతు గొంతునకు వేరు వరుస కావలసియుండుటచే పుట త్వరలోనే నిండిపోవును.

హార్మోనియము వాయించువానికి కష్టము మరింత అధికము. 1842లో పారిసు నగరమున అలెగ్జాండర్ దెబైన్ హక్కుపత్రము పొందిన వాద్యమునకు గాలిని పాదములతో త్రొక్కెదరు. కనుక రెండు చేతులును మీటలపై నుండును. తరువాత కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేలపై కూర్చుండి వాయించుటకు అనువగునట్లు దానిని మార్చెను. అందు కుడిచేయి మీటలపైనను, ఎడమచేయి వెనుక తిత్తిపైనను ఉండును. ఇక పుటను త్రిప్పు చేయి ఏది?

ఉపాయము వాద్యములోనే కలదు. లోపలి తిత్తి కొంత గాలిని నిలువచేయును. పుట ముగియుటకు ముందుగా రెండుమారులు నిండుగా ఊదినచో, ఎడమచేయి వచ్చి కాగితమును త్రిప్పి తిరిగిపోవునంతవరకు స్వరము నిలుచును. దీనిని పాటతోపాటు ప్రతిదినము అభ్యసింపవలయును.

మరికొన్ని పద్ధతులు:

మొదటిది. పుట చివరి పంక్తిని, మరుసటి పుట మొదటి పంక్తిని కంఠస్థము చేయవలయును. అప్పుడు పుటను ముందుగానో ఆలస్యముగానో త్రిప్పినను చిక్కు లేదు.

రెండవది. మంచి ముద్రాపకులు వాద్యమునకు విరామము వచ్చుచోట పుట ముగియునట్లు కూర్చెదరు. అట్లు లేనిచో మరుసటి పుట మొదటి పంక్తిని ఈ పుట అడుగున చేతితో వ్రాసికొనవచ్చును. లేదా కాగితములను ప్రక్కప్రక్కన అంటించి విసనకఱ్ఱవలె మడచికొనవచ్చును. అయితే మన దేశపు చట్టము ననుసరించి రచయిత మరణానంతరము 60 సంవత్సరముల వరకు హక్కు నిలుచును గాన, నకలు తీయుటకు ముందు విచారింపుడు.

మూడవది. ప్రతి కాగితపు క్రింది మూలను కొంచెము మడచి యుంచిన వ్రేలికి సులభముగా దొరకును. వ్రేలిని తడిచేయకుడు. పంకా గాలి వీచుచోట కాగితములకు క్లిప్పులు పెట్టుడు.

నాలుగవది. వాద్యబృందమున ఇద్దరు వయొలిన్ వాదకులు ఒకే పుస్తకమును చూతురు. లోపలివైపు వాడు వాయించుట మాని పుట త్రిప్పును. రెండవవాడు వాయించుచునే యుండును. ఇందువలన నాదము తెగదు.

ఐదవది. ఇప్పుడు టాబ్లెట్‌పై స్వరములు చూచుచు, పాదముతో పెడలు నొక్కి పుట మార్చువారు కలరు. పియానో వాదకునకు ఇది మేలే. నేలపై మఠము వేసికొని కూర్చున్నవానికి పెడలు అందదు. బ్యాటరీ నిండియున్నదో లేదో చూచుకొనుటయు మరువరాదు.

వీనిలో ఏదియు కుదురనిచోట తోడుగా ఒకరు కూర్చుండవలయును. పియానో ప్రక్కన ఆ సహాయుడు వాదకుని ఎడమవైపు కూర్చుండి, సమయమునకు ముందుగా లేచి, ఎడమచేతితో పుట పైమూలను పట్టుకొని, వాదకుడు తల యూపగానే త్రిప్పవలయును. చేయి స్వరములకు అడ్డు రారాదు. గాజులు చప్పుడు చేయరాదు. పల్లవి మరల వచ్చుచోట వెనుకకు త్రిప్పవలసియుండును. కావున వాయించువానికి తెలిసినంత సంగీతము త్రిప్పువానికిని తెలియవలయును.

విద్యార్థులారా, ఈస్టరు కూటమున అదే బాలుడు మరల వాయించెను. నాచారము నుండి వచ్చు ఏడవ తరగతి బాలిక అతనితో మూడు వారములు అభ్యసించి పుటలు త్రిప్పినది. పాట ఆగలేదు. ఆమె త్రిప్పినదని సభలో నెవ్వరును గమనింపలేదు. కార్యక్రమ పత్రికలో మాత్రము ఆమె పేరును వాదకుని పేరు ప్రక్కనే అచ్చువేయించితిమి. ఇకమీదటను అట్లే చేయుదుము. వచ్చు క్రిస్మసునకు ఈ పని నేర్వగోరువారు సంగీతపు గదికి రావలయును.