రైతుబజారులో నిమ్మకాయల వంట - నలుగురు కలిసి చేయు విధము

నిమ్మతోట గల రైతుకు రెండు కాలములు బాగుగా తెలుసును. వేసవిలో కాయ తక్కువ, ధర ఎక్కువ. ఆషాఢ శ్రావణములలో చెట్టు విరగకాయును, ధర పడిపోవును. జనవరి, ఫిబ్రవరి నెలలలో వచ్చిన పూత అయిదారు నెలలకు కాయై ఒకేసారి కోతకు వచ్చుటయే ఇందుకు కారణము. అప్పుడు గూడూరు, పొదలకూరు మార్కెట్లకు ఊరూరి బస్తాలు చేరును. కోతకూలి, బండిబాడుగ పోగా చేతికి ఏమియు మిగలని రోజులు కూడ ఉండును. అట్టి రోజులలో కాయ చెట్టు క్రిందనే కుళ్ళిపోవును.

మార్కెట్టు ధరను ఏ ఒక్క రైతు మార్చలేడు. కాని శ్రావణమునాటి కాయను మరుసటి వేసవి వరకు నిలువచేయుట మన చేతిలోని పని. రైతుబజారును ఆధారము చేసికొని స్త్రీలు పదిమంది కలిసి ఈ పని చేసినచో శ్రమ తగ్గును, సరకుకు పేరు వచ్చును.

కలిసి పనిచేయుట ఈ జిల్లాకు క్రొత్త కాదు

1992లో దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు నిలిచిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము అమలులోనికి వచ్చెను. ఆ స్త్రీలే పొదుపు సంఘములుగా ఏర్పడిరి. 1999 జనవరిలో ప్రారంభమైన రైతుబజారులలో రైతులతోపాటు ఇట్టి సంఘములకు కూడ దుకాణములు కేటాయించుచున్నారు. కాయ రైతుది, చేయి సంఘముది, అమ్మకపు చోటు బజారుది. మూడింటిని కలుపుటయే మిగిలియున్నది.

ఎప్పుడు మొదలు పెట్టవలెను?

నెల్లూరు తీరమునకు పెద్దవానలు ఈశాన్య ఋతుపవనములతో అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో వచ్చును. కాయ చవుకగా దొరకు జూలై, ఆగస్టులలో ఎండ ఇంకను ఉండును. ఉప్పు, కారము, జాడీలు ఎండబెట్టుకొనుటకు ఇదియే అనువైన కాలము. దసరాలోపల పని ముగించవలెను. తుపాను ముసురులో పెట్టిన ఊరగాయకు బూజు భయము ఎక్కువ.

ఊరగాయ

ఇరువది కిలోల కాయకు కావలసినవి: ఉప్పు 4 కిలోలు, కారము 2 కిలోలు, మెంతిపిండి 400 గ్రాములు, పసుపు 200 గ్రాములు, నువ్వులనూనె 4 లీటర్లు, పోపునకు ఆవాలు, ఇంగువ. ఉప్పునకు మనము ఎక్కడికో పోనక్కరలేదు. ఇసుకపల్లి వంటి తీరగ్రామములలో ఉప్పు పండుచున్నది. శుభ్రమైన రాళ్ళ ఉప్పును ఎండబెట్టి దంచుకొనవలెను.

పసుపు పచ్చగా మాగిన, దెబ్బతగలని కాయలను ఏరి, కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టవలెను. పదిహేను కిలోలను ముక్కలుగా కోసి, మిగిలిన అయిదు కిలోల రసము పిండి ముక్కలపై పోయవలెను. ఉప్పు, పసుపు కలిపి జాడీలకెత్తి, దినమునకొకమారు పొడి తెడ్డుతో కలియబెట్టుచుండవలెను. పది దినములకు తొక్క మెత్తబడును. అప్పుడు కారము, మెంతిపిండి కలిపి, నూనె పోపు పెట్టి, బాగుగా చల్లారిన తరువాత పోయవలెను. ముక్క రసములో మునిగియుండవలెను.

నిమ్మ షర్బతు

రెండున్నర కిలోల కాయకు సుమారు ఒక లీటరు రసము వచ్చును. రెండు కిలోల చక్కెరను లీటరు నీటిలో కరగించి, కాచి, వడగట్టి, చల్లార్చి, ఆ రసము కలుపవలెను. పొటాషియం మెటాబైసల్ఫైటు 2 గ్రాములు కొద్ది నీటిలో కరగించి చేర్చి, కాచి ఆరబెట్టిన సీసాలలో నింపవలెను. ఈ మందు కొలత మించరాదు; కంటి అంచనాతో వేయక త్రాసుతో తూచవలెను. గింజ నలిగినను, తొక్కను గట్టిగా పిండినను రసము చేదెక్కును. రసమును పొయ్యిమీద పెట్టరాదు. పిండిన తొక్కలను పారవేయక ఉప్పులో ఊరవేసిన అవియు ఊరగాయకు పనికివచ్చును.

చేయకూడనివి

రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలను నిమ్మరసము తినివేయును. జాడీ, గాజు, స్టెయిన్‌లెస్ స్టీలు వాడవలెను. రుచికని ఉప్పు తగ్గించినచో సరకు నిలువదు. నేలరాలి మెత్తబడిన కాయ చవుకని కలుపరాదు. ఒక్క కుళ్ళుకాయ జాడీనంతను చెరచును. చెడిన జాడీ ఒకటి అమ్మినచో పదిమంది పేరు పోవును.

లెక్కలు

ఎవరి కాయ ఎంత, ఎవరు ఎన్ని దినములు పనిచేసిరి అను రెండు లెక్కలు మొదటినుండి పుస్తకములో వ్రాయవలెను. అమ్మకము కాగానే ముందు కాయ ధర, తరువాత కూలి చెల్లించి, మిగిలినది పంచుకొనవలెను. కాయ ధరను వంట మొదలు కాకముందే అందరి ఎదుట నిర్ణయించుకొనుట మేలు. తగవులు వచ్చునది ఇక్కడనే. 2006 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము చిన్న తయారీదారులు కూడ నమోదు చేయించుకొనవలెను. సీసామీద పేరు, తూకము, చేసిన తేదీ ఉండవలెను.

దుకాణము ముందు చిన్న పళ్ళెములో కొంత రుచికి పెట్టుడు. కొనువారు అడిగినచో చేసిన విధము దాచక చెప్పుడు. ఆ పనికి పెద్దవయసు స్త్రీని, ఆమె ప్రక్కన క్రొత్తగా నేర్చుకొను పిల్లను కూర్చుండబెట్టుడు.

ఈ శ్రావణములో ఒక సంఘము ఇరువది కిలోలతోనే మొదలు పెట్టవచ్చును. చేయి కుదిరిన తరువాత వేసవిలో ఆ జాడీలే మామిడికాయకు కూడ పనికివచ్చును.