పెరట్లో నాలుగు కళ్ల చుట్టం

ప్రశ్న: మా రేగుచెట్టు మీద అరచేయంత పసుపుపచ్చ సీతాకోకచిలుక వాలింది. నాలుగు రెక్కల మీదా కళ్లలాంటి గుండ్రటి మచ్చలున్నాయి. రెండు రోజులుగా ఏమీ తినడం లేదు. తేనె పెట్టమంటారా?

జవాబు: వద్దండీ, పెట్టినా తాగలేదు. దానికి పనిచేసే నోరే లేదు! మీరు చెప్పిన గుర్తులను బట్టి అది దసలి పట్టుపురుగు రెక్కల దశ, బహుశా ఆడది. మగది ఇటుక రంగులో, ఈకల్లాంటి వెడల్పాటి మీసాలతో ఉంటుంది. ఆడది గొంగళిపురుగుగా ఉన్నప్పుడు మద్ది, రేగు ఆకులు మేసి దాచుకున్న కొవ్వుతోనే వారం రోజులు నెట్టుకొచ్చి, గుడ్లు పెట్టి రాలిపోతుంది. మచ్చల నడిమి భాగం గాజుపలకలా పారదర్శకంగా ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా చూడండి, ముచ్చటేస్తుంది. మహదేవపూర్ దసలి చీరల దారం ఈ జాతి గూళ్ల నుంచి తీసిందే. కొమ్మకు కాడతో వేలాడే గట్టి కాయలాంటి గూడు ఉందేమో వెతకండి. అది లైటు చుట్టూ తిరుగుతూ అలసిపోకుండా, రాత్రి పెరటి లైటు మాత్రం ఆర్పేయండి.