ఆంగ్లమున “ఇఫ్” వాక్యములు

“వాన కురిసినయెడల ఆటలు జరుగవు” అను వాక్యమును ఇంగ్లీషులోనికి మార్చుమన్నచో మన విద్యార్థులలో కొందరు “ఇఫ్ ఇట్ విల్ రెయిన్” అనియు, మరికొందరు “ఇఫ్ ఇట్ రెయిన్డ్” అనియు ప్రారంభింతురు. రెండును ఇచ్చట పనికిరావు. “ఇఫ్ ఇట్ రెయిన్స్, దేర్ విల్ బి నో గేమ్స్” అనవలయును. ఇది కేవలము అజాగ్రత్తవలన వచ్చిన తప్పు కాదు. తెలుగు బాగుగా వచ్చినవాడే ఇందు చిక్కుకొనుచుండును.

“వచ్చినయెడల”, “వచ్చినచో”, వాడుకలో “వస్తే” అను రూపములు షరతును తెలుపును. తెలుగు వ్యాకరణమున ఇట్టి రూపమునకు చేదర్థకమని పేరు. “చేత్” అను సంస్కృతపదమునకు “అయినచో” అని అర్థము. ఈ రూపము తనంతట కాలమును తెలుపదు. నేడు వచ్చినను, వచ్చే యేడు వచ్చినను “వస్తే” అనియే అందుము. అయినను “వచ్చినయెడల” అనుదానిలోని “వచ్చిన” భూతకాలపు మాటవలె కనబడుటచే ఒకడు “కేమ్” అని వ్రాయును. జరుగబోవు సంగతి గదా యని మరియొకడు “విల్ కమ్” అని వ్రాయును. ఇంగ్లీషువారు షరతునందు వర్తమానరూపమునే నిలిపి, “విల్” అనుదానిని ఫలితమునకు విడుతురు. ఇందొక న్యాయము లేకపోలేదు. వాన కురియునని మనము చెప్పుటలేదు, కురియుననుకొనుచున్నాము. నిశ్చయముగా చెప్పునది ఆటలు జరుగవన్న మాట మాత్రమే. 1611వ సంవత్సరమున అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో “ఇఫ్ హి కమ్”, “ఇఫ్ ఇట్ బి” వంటి రూపములు కనబడును. అవి పాతకాలపు ప్రయోగములు. చదివి అర్థము చేసికొనుడు గాని మీ వ్యాసములలో దింపకుడు.

కాలము మారినచో అర్థమెంత మారునో చూడుడు. ఒక బాలుడు జీతము కట్టుటకు గడువు కోరుచు “మా తండ్రిగారు డబ్బు పంపినయెడల చెల్లింతును” అని వ్రాయదలచి, “ఇఫ్ మై ఫాదర్ సెంట్ ది మనీ, ఐ విల్ పే” అని వ్రాసెననుకొందము. చదివిన గుమాస్తాకు, డబ్బు ఇదివరకే పంపబడెనో లేదో బాలునికి తెలియదని తోచును. ఆయన జమాపుస్తకము తిరుగవేసి, ఏమియు రాలేదని చెప్పి పంపును. బాలుడడిగిన గడువు సంగతి అట్లే యుండిపోవును. “సెండ్స్” అన్నచో ఈ చిక్కు లేదు.

అయినను “సెండ్స్” అని దిద్దినంతమాత్రమున ఉత్తరము సరిపడదు. “ఇఫ్ మై ఫాదర్ సెండ్స్” అనగా పంపవచ్చును, పంపకపోవచ్చును. తండ్రి తప్పక పంపునను నమ్మకము గలవాడు “వెన్ మై ఫాదర్ సెండ్స్” అని వ్రాయవలయును. తెలుగున “పంపితే” అను ఒక్కమాట రెంటికిని చాలును. “తెల్లవారితే బయలుదేరుదము” అనువానికి తెల్లవారుటయందు సందేహమున్నదా? జర్మను భాషలోను ఒకే పదము ఈ రెండర్థములకు చెల్లుచున్నది. ఇంగ్లీషు మాత్రము సందేహమో నమ్మకమో తేల్చి చెప్పుమనును. ఆ ఉత్తరము తండ్రి చేతబడిన నాడు ఈ రెండు మాటల భేదము ఆయనకు తెలియకపోదు.

ఎల్లప్పుడును జరుగు సంగతులలో రెండుచోట్లను వర్తమానమే వచ్చును: “ఇఫ్ యూ హీట్ ఐస్, ఇట్ మెల్ట్స్.” ఆజ్ఞయు చేరవచ్చును: “ఇఫ్ ది బెల్ రింగ్స్, కమ్ ఇన్.” “అన్‌లెస్” అనుదానిలో “లేనియెడల” అను నిషేధము ముందే యున్నది గనుక “అన్‌లెస్ యూ డు నాట్ వర్క్” అన్నచో అర్థము తలక్రిందగును.

“ఇఫ్” తరువాత “విల్” ఎన్నడును రాదని కొందరు వల్లించుచుందురు. అది అతివాదము. “ఇఫ్ యూ విల్ వెయిట్ ఎ మినిట్, ఐ విల్ కాల్ హిమ్” అనునది శుద్ధమైన వాక్యమే. అచ్చట “విల్” కాలమును గాక సమ్మతిని తెలుపును. దయచేసి నిలిచినచో అని భావము.

ఇక ఈ మూడింటిని ఇంగ్లీషు చేసి మీ ఉపాధ్యాయులకు చూపుడు. సాయంకాలమైతే గంట కొట్టుదురు. జ్వరము తగ్గకపోయినయెడల వైద్యుని పిలువుము. వాన కురిసినను మేము వత్తుము. కడపటిదానికి ఒంటి “ఇఫ్” చాలదు. దానికి ముందు చేర్చవలసిన మాట యేదో మీరే వెదకుడు.