గోవింద నామాలు వస్తాయి, ‘నీళ్లు’ అనే మాట రాదు

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. రెండు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ఇప్పుడు పట్టుకుంటే నడుస్తున్నారు, మాటే రావడం లేదు. ఏం అడిగినా ‘అదే... అదే’ అంటారు. నీళ్లు కూడా అడగలేరు. అమ్మ మొదలుపెడితే మాత్రం గోవింద నామాలు చక్కగా అందుకుంటారు! పలక ఇస్తే ఎడమ చేత్తో నాలుగు గీతలు గీసి విసిరేశారు. బుద్ధి కూడా పోయిందా? నాలుకకు వస రాయమని చుట్టాలు చెబుతున్నారు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వస వద్దమ్మా. గోవింద నామాలు పలుకుతున్నది ఆ నాలుకే కదా! దెబ్బ తగిలింది మెదడులో, మాటల్ని వెతికి కూర్చే చోట. దీన్ని అఫేసియా అంటాం. కుడిచేతి వాటం వాళ్లలో నూటికి 95 మందికి భాషను ప్రధానంగా నడిపేది మెదడు ఎడమ సగమే. ఒంట్లో కుడివైపును నడిపేదీ అదే. కుడి చెయ్యీ మాటా ఒకేసారి పడిపోయింది అందుకే.

1861లో పారిస్‌లో బ్రోకా అనే వైద్యుడు ఇలాంటి రోగినే చూశాడు. ఆయన నోట ‘టాన్’ తప్ప దాదాపు ఇంకో మాట లేదు, ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. మీ నాన్నగారి ‘అదే’ ఆ ‘టాన్’ లాంటిదే.

నామాలు, అంకెలు, పాటలు, చివరికి తిట్లు కూడా ఏళ్ల తరబడి నోట నలిగినవి. ఒకటి అందుకుంటే తక్కినవి వాటంతటవే వస్తాయి. ‘నీళ్లు కావాలి’ అన్నది అప్పటికప్పుడు కూర్చుకోవాలి. అక్కడే ఆగిపోతున్నారు.

పలక దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇస్తారు. కానీ రాత కూడా భాషే. నోటికి రాని మాట చేతికీ అందదు. ఆయన విసిరేసింది మతి పోయి కాదు, ఉక్రోషంతో. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది పక్షవాత రోగుల్ని పరిశీలించి 2016లో వెలువరించిన ఫలితం ఆసక్తికరం. ఆలోచనాశక్తి చెక్కుచెదరనివాళ్లు ఒకే భాష వచ్చినవారిలో సుమారు 20 శాతమైతే, రెండుమూడు భాషలు వచ్చినవారిలో 40 శాతం. అఫేసియా వచ్చినవాళ్ల శాతం మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకటే. బుద్ధి దారి వేరు, మాట దారి వేరు.

‘ఏం కావాలి?’ అని అడగకండి. కాఫీ, మజ్జిగ రెండూ చూపించి ఏదో ఒకటి చూపించమనండి. టీవీ ఆపండి. గట్టిగా అరవకండి, ఆయనకు చెవుడు లేదు. కాదనబోయి అవుననడం ఈ జబ్బులో మామూలే, కాబట్టి ముఖం కూడా చూస్తూ ఉండండి. ఆయన ముందే ‘ఈయనకేం తెలీదు’ అనే చుట్టాల్ని మాత్రం కాస్త బయట కూర్చోబెట్టండి.

స్పీచ్ థెరపీ ఈ వారమే మొదలుపెట్టండి. మొదటి మూడు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిగా ఏళ్ల తరబడి సాగుతుంది. రాగంతో మాట పలికించే పద్ధతి ఒకటుంది. నామాల సంగతి థెరపిస్టుకు తప్పక చెప్పండి.

బీపీ, షుగర్ మందులు ఆపకండి. ఉన్న కాస్త మాటా ఉన్నట్టుండి తగ్గినా, మూతి వంకరపోయినా వెంటనే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తపుగడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. ఆయనకు అది ఇవ్వవచ్చో లేదో డాక్టర్లు చూస్తారు.