పిలవని పేరంటం

నెల్లూరు,
2026 జనవరి 20

చిన్నీ,

నీ ఉత్తరం పండక్కి ముందే చేరింది. కనుమ నాడు మీ నాన్న వచ్చినప్పుడు ఇచ్చాను. చదివి, మడిచి, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టాడు. వాడు మాట్లాడకుండా ఉన్నాడంటే లోపల ఎంత కలుక్కుమన్నదో మనకు తెలియంది కాదు. బదిలీ కోసం చూస్తున్నావని మీ పిన్నితో అన్నావట. అది నిజమో కాదో నేను అడగను. నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది మీ బడిలో తల్లిదండ్రుల మీటింగు గురించి నువ్వు రాసిన ఒక్క మాట: "పదిహేడు మంది పిల్లలకు ముగ్గురు తల్లులు వచ్చారత్తా, వీళ్లకు పిల్లల చదువు పట్టదు."

ఆ మాట ఇంకెవరి దగ్గరా అనకు తల్లీ. ముందు నాకొకటి చెప్పు. వాళ్లను ఎవరు పిలిచారు?

వాట్సాప్ గ్రూపులో పెట్టానన్నావు, పిల్లల చేత కబురు చేశానన్నావు. ఆ పదిహేడు ఇళ్లలో ఫోను తల్లి చేతిలో ఉండే ఇళ్లెన్ని? అది తండ్రి జేబులో ఉంటుంది. ఆ తండ్రి చెన్నైలో కట్టుబడి పనిలోనో, గూడూరు అవతల రొయ్యల గుంటల కాపలాలోనో ఉంటాడు. పైగా డిసెంబరులో చెరువు కింద నాట్లు. పొద్దున ఆరింటికి నాట్లకు పోయిన మనిషి పదింటికి గట్టెక్కి, కాళ్లు కడుక్కుని, బడికొచ్చి కుర్చీలో కూర్చోవాలంటే ఒక పూట కూలి వదులుకోవాలి. రమ్మని ఎవరూ నోరారా అడగనిదే ఆ కూలి ఎందుకు వదులుకుంటుంది? మన వైపు పిలవని పేరంటానికి పోవడమంటే ఎంత తలవంపో నీకు తెలుసు. పేరంటానికే అలా ఉంటే, తాను ఎన్నడూ చదవని బడికి రావడానికి ఇంకెంత బిడియపడుతుంది?

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టినప్పుడు నేను టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. మా రోజుల్లో ఇంత పెద్ద ఎత్తున ఎవరూ అనుకోలేదు. కానీ ప్రభుత్వం తేదీ మాత్రమే ఇవ్వగలదు, గడప దాకా నడవాల్సింది మనమే.

నువ్వు వేళకు తింటున్నావా? మొన్న ఫోనులో నీ గొంతు బొంగురుగా ఉంది. పొద్దున మంచులో స్కూటీ మీద పోతున్నావు, చెవులకు ఏమైనా కట్టుకో. మిరియాల పొడి పంపిస్తాను, పాలల్లో వేసుకో.

1988లో నన్ను ఉదయగిరి వైపు మెట్ట ఊరి బడిలో వేశారు. ఏకోపాధ్యాయ బడి, రేకుల కొట్టం. చేరిన కొద్ది రోజులకే ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం కింద కొత్త నల్లబల్ల వచ్చింది. పాతదాన్ని పారేయబుద్ధి కాక వాకిట్లో వేపచెట్టుకు ఆనించి, దాని మీద రోజూ 'ఊరి కబుర్లు' రాయడం మొదలుపెట్టాను. ఎవరింట్లో బర్రె ఈనింది, ఎవరి అక్కకు నిశ్చితార్థం అయింది, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయి. చెప్పేది పిల్లలు, రాసేది నేను, పైకి చదివేది మూడో తరగతి వాళ్లు. వాచకంలో పాఠం నెలకు ఒకటి ఎక్కేది కాదు గానీ, తన ఇంటి బర్రె పేరు బల్ల మీద కనిపిస్తే ఏ పిల్లవాడైనా వేలు పెట్టి కూడబలుక్కుని చదివేవాడు. నీళ్లకు పోయే ఆడవాళ్లు బిందె చంకన పెట్టుకుని చెట్టు దగ్గర ఆగి, ఈ పొద్దు మా ఇంటిది ఏమైనా ఉందా అని అడిగేవాళ్లు. ఆ బడికి వాళ్లు మొదట వచ్చింది మీటింగుకు కాదు, ఆ బల్ల కోసం.

ఆ బల్ల వల్లే ఒక తప్పు కూడా చేశాను. నాలుగో తరగతి పిల్ల ఒకతె మా అక్క ఊరి నుంచి వచ్చిందని మురిసిపోతూ చెప్పింది. నేనూ రాశాను, అందరూ గట్టిగా చదివారు. మధ్యాహ్నానికి ఆ పిల్ల తల్లి బడి గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. పెద్ద కూతురు మొగుడితో పడలేక పుట్టింటికి వచ్చేసిందట, నలుగురికీ తెలియకుండా ఆ ఇల్లు కాచుకుంటున్న సంగతిని నేను చెట్టుకింద పెట్టి ఊరంతటికీ చదివించాను. ఆ సాయంత్రం వాళ్లింటికి పోయాను. అరుగు మీద కూర్చుని, తప్పయిందమ్మా అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. చీకటి పడ్డాక లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఒక టీచరు మా గడప తొక్కడం ఇదే మొదలు అన్నది. తర్వాత ఆ ఊళ్లో నేను ఏ పని తలపెట్టినా నా కంటే ముందు నాలుగిళ్లు తిరిగి చెప్పి వచ్చింది ఆమే. ఆనాటి నుంచి పెళ్లి కబురైనా చావు కబురైనా ఇంటి వాళ్లను అడగనిదే బల్ల మీదికి ఎక్కించలేదు. నువ్వు గ్రూపులో పిల్లల ఫొటోలు పెడుతున్నావట కదా, అది కూడా అడిగే చెయ్యి.

పిలుపు సంగతి పూర్తిగా చెప్పనీ, అడ్డు రాకు. ఫిబ్రవరి ఆఖరులో వార్షికోత్సవం చేద్దామనుకుంటున్నానని రాశావు. దానికి పది రోజుల ముందు నుంచీ రోజుకు రెండిళ్ల చొప్పున తిరుగు. ఒక్క రోజులో చుట్టబెట్టి వస్తే అది పిలుపు కాదు, చాటింపు. పొద్దున్నే పోకు, పాల కేంద్రం హడావుడిలో ఉంటారు. పొయ్యి ముట్టించాక కూడా పోకు. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కునే వేళ ఉంటుంది చూశావా, అప్పుడు పో. వీధిలో స్కూటీ మీద నుంచే కేకేసి చెప్పడం మర్యాద కాదు, దిగు. ఫలానా వాడి అమ్మ అనకుండా, బడి రిజిస్టరులో తల్లి పేరు చూసుకుపోయి ఆ పేరుతో, మీరు అని పిలువు. కొందరికి ఆ పేరు విని ఏళ్లయి ఉంటుంది. బిడ్డ గురించి ఒక మంచి మాట తీసుకుపో. లెక్కలు రావనే సంగతి మరో రోజు చెప్పుకోవచ్చు.

తిరగడం ఎస్టీ కాలనీ నుంచి మొదలుపెట్టు. ఊరి నడిమి ఇళ్లతో మొదలుపెట్టి చివరికి వాళ్ల దగ్గరికి పోతే ఆ వరస ఊరంతా గమనిస్తుంది, కాలనీ అందరికంటే ముందు గమనిస్తుంది. వాళ్లు నీళ్లిస్తే కూర్చుని తాగు. తాగావా లేదా అన్న వార్త నువ్వు బడికి చేరేలోపే ఊరు దాటుతుంది.

బొట్టు భరిణె మాత్రం తీసుకుపోకు. మొదటి ఏడు నేను తీసుకుపోయాను. మనింట్లో మీ నాయనమ్మ పేరంటాలకు పిలిచినట్టే గడప గడపకూ బొట్టు పెట్టి పిలిచాను. ఒక ఇంట్లో కోడలికి బొట్టు పెట్టాను, పక్కనే నులకమంచం మీద కూర్చున్న ముసలామెను చూసి ఏం చేయాలో తోచక తల వంచుకుని బయటికి వచ్చేశాను. పిల్లవాడికి తల దువ్వి, చద్ది పెట్టి, రోజూ బడి దాకా దిగబెట్టేది ఆమె. వార్షికోత్సవం నాడు పిల్లవాడు పాట పాడాడు. ఆమె ప్రహరీ లేని ఆ బడికి దూరంగా, తాటిచెట్టు కింద నిలబడి విన్నది. లోపలికి రండి అంటే, నన్ను పిలవలేదు కదమ్మా అన్నది. ముప్పై ఏడేళ్లయింది చిన్నీ. ఇప్పటికీ కుంకుమ భరిణె చేతిలోకి తీసుకుంటే ఆ తాటిచెట్టే గుర్తొస్తుంది. కుంకుమ పెట్టుకోని ఇళ్లు మీ ఊళ్లోనూ ఉంటాయి, క్రైస్తవులుంటారు, ముస్లిములుంటారు. పిల్లల చేత వాళ్ల దస్తూరీతోనే పిలుపు చీటీ రాయించు. ఆ చీటీ అందరికీ ఒకటే.

పిలిస్తే వస్తారా అని నీకు అనుమానం. 1991లో మన జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు నేను రాత్రి బడి చెప్పాను. వీధి దీపం కింద చాపలు. మొదటి వారం నలుగురు. ఇల్లిల్లూ తిరిగాం, పిల్లవాణ్ణి ఎత్తుకుని రమ్మన్నాం, వంట అయ్యాకే రమ్మన్నాం. నెల తిరిగేసరికి చాపలు చాలలేదు. అలాంటి రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లే కలిగిరి దగ్గర దూబగుంటలో సారాను ఊళ్లోకి రానివ్వకుండా నిలబడ్డారు. వాళ్లను ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మ పేరు మీ పుస్తకాల్లో చదివే ఉంటావు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చిందంటే ఆ ఆడవాళ్లు ఊరూరా కదిలినందువల్లే. ఆ తల్లుల మనవరాళ్లే ఈ రోజు నీ బడిలో కూర్చున్నది. వాళ్లకు చదువు పట్టదని నువ్వెలా రాశావు?

కోపంగా రాశానా? లేదు తల్లీ. ఊరు కాని ఊళ్లో, అద్దె గదిలో ఒక్కదానివే కూర్చుని ఆ ఉత్తరం రాసి ఉంటావు. నా మొదటి ఏడు నేనూ ట్రంకు పెట్టె మీద తలపెట్టి ఏడ్చాను, మీ తాతయ్య వచ్చి రెండు రోజులుండి పోయాడు.

ఇంకొక్కటి. విద్యా కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు ఉండాలని చట్టం. మినిట్స్ పుస్తకం ఇళ్లకు పంపి సంతకాలు పెట్టించుకురమ్మని పిల్లల్ని తరమకు. వాళ్లను కూర్చోబెట్టి చదివి వినిపించాక పెట్టించు. వార్షికోత్సవం నాడు మధ్యాహ్న భోజనం దగ్గర తల్లుల్ని పిల్లల పక్కనే బంతిలో కూర్చోబెట్టు. బిడ్డ రోజూ ఏం తింటున్నాడో చూసిన తల్లికి ఆ బడి మీద బెరుకు సగం పోతుంది. 2003లో బడిలో వంట మొదలైన కొత్తలో నా కళ్లతో చూశాను.

బస్సులో డబ్బా పంపిస్తున్నాను, డ్రైవరుకు నీ నంబరు ఇచ్చాను. సున్నుండలు పిల్లలకూ పెట్టు, అరిసెలు మాత్రం నువ్వే తిను.

మీటింగు జరిగినంతసేపూ గేటు వైపే చూస్తూ కూర్చుందని రాశావే, ఆ ఐదో తరగతి పిల్ల, ఆమె ఎవరింటి పిల్లో రాయలేదు. తల్లి దుబాయిలో ఉందన్నావు, అయితే ఇంట్లో ఉండేది అవ్వ అయి ఉంటుంది. రేపు సాయంత్రం ముందు ఆ ఇంటికి పో. ఆ అవ్వ ఏమన్నదో నాకు వెంటనే రాయి.

నీ అత్త