మంచులో దాచిన కరెంటు: కొల్లేరు నుంచి భవానీపూర్ దాకా

దక్షిణ కోల్‌కతాలోని భవానీపూర్‌లో జదుబాబు బజార్ పేరున్న పాత మార్కెట్. ఇలాంటి బజార్లలో రుయి, కాత్లా చేపలకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. మనం శీలావతి, బొచ్చె అని పిలిచేవి ఇవే. కోల్‌కతాకు ఈ చేపలు ఆంధ్రప్రదేశ్ నుంచి కూడా వెళ్తాయి. కొల్లేరు చుట్టుపక్కల కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల చెరువుల్లో పట్టిన చేపలను ఐసు ముక్కలతో కలిపి ట్రేలలో పేర్చి లారీ ఎక్కిస్తారు. ప్రయాణం వెయ్యి కిలోమీటర్లకు పైమాటే.

లారీలో శీతల యంత్రం లేకపోయినా చేప చెడిపోకుండా ఎలా చేరుతుంది? బయలుదేరే ముందే ఐసు ఫ్యాక్టరీ కరెంటు ఖర్చుపెట్టి నీటిలోని వేడిని బయటకు తోసేసింది. ఆ పని ఫలితం ఐసు రూపంలో లారీతోపాటే ప్రయాణిస్తోంది. దీన్నే ఉష్ణశక్తి నిల్వ అంటారు.

కరిగేటప్పుడు జరిగేది

చల్లదనం అనేది విడిగా ఒక వస్తువు కాదు. చుట్టూ ఉన్న వేడిని పీల్చుకునే సామర్థ్యాన్నే మనం చల్లదనం అంటున్నాం. 0 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న కిలో ఐసు అదే ఉష్ణోగ్రత గల నీరుగా మారడానికి సుమారు 334 కిలోజౌళ్ల వేడిని పీల్చుకుంటుంది. ఇదే గుప్తోష్ణం. అంత వేడితో కిలో నీటిని 0 నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు!

చిన్న లెక్క చూద్దాం. కిలో చేపను ఒక డిగ్రీ చల్లబరచాలంటే సుమారు 3.6 కిలోజౌళ్ల వేడిని తీసేయాలి. 30 డిగ్రీల నుంచి 0కి దించాలంటే 108 కిలోజౌళ్లు. అంటే మూడో వంతు కిలో ఐసు చాలు. మరి వ్యాపారులు అంతకంటే ఎక్కువ ఐసు ఎందుకు వేస్తారు? దారిలో ఎండ వేడి లోపలికి చొరబడుతూనే ఉంటుంది. మిగతా ఐసు దాన్ని ఎదుర్కోవడానికే.

ఇంకో సౌలభ్యం కూడా ఉంది. కరగడం పూర్తయ్యేదాకా ఐసు 0 డిగ్రీల వద్దే నిలుస్తుంది. చేప కండ గడ్డకట్టేది అంతకంటే కాస్త దిగువన. అందుకే చేప చల్లబడుతుంది కానీ గడ్డకట్టదు.

ఏసీ ‘టన్ను’ ఎక్కడిది?

కోల్‌కతాకు ఐసు రవాణా కొత్త కాదు. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికన్ వ్యాపారి బోస్టన్ నుంచి ‘టస్కనీ’ ఓడలో సుమారు 180 టన్నుల సహజ మంచును పంపాడు. నాలుగు నెలల ప్రయాణం తర్వాత సుమారు 100 టన్నులు మిగిలాయి. నిల్వకు ఐసుతో పాటు, వేడిని ఆపే పొర కూడా అంతే ముఖ్యమని ఈ ప్రయాణం చెబుతుంది.

ఆ మంచు వ్యాపారం నాటి కొలతే నేటికీ ఏసీ మీద కనిపిస్తుంది. ‘ఒక టన్ను’ ఏసీ అంటే బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అంటే 907 కిలోల ఐసు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేగంతో వేడిని పీలుస్తుందో అంత వేగం. అది సుమారు 3.5 కిలోవాట్లు.

భవనం కింద ఐసు ట్యాంకు

పెద్ద భవనాల్లోనూ ఇదే సూత్రం. కరెంటుకు గిరాకీ తక్కువున్న వేళ శీతల యంత్రం ట్యాంకులోని నీటిని గడ్డకట్టిస్తుంది. గిరాకీ పెరిగినప్పుడు యంత్రానికి విశ్రాంతినిచ్చి, భవనంలో తిరిగి వేడెక్కిన ద్రవాన్ని ఆ ట్యాంకు గొట్టాల గుండా పంపుతారు. ఐసు కరుగుతుంది, ద్రవం చల్లబడి మళ్లీ గదులవైపు వెళ్తుంది.

ఐసుకు బదులు చన్నీటినే నిల్వ చేయవచ్చు. కానీ నీరు 8 డిగ్రీలు వేడెక్కుతూ కిలోకు 33 కిలోజౌళ్లే పీలుస్తుంది. ఐసుతో పోలిస్తే ఇది పదో వంతు. కాబట్టి ట్యాంకు చాలా పెద్దది కావాలి.

అయితే ఐసు ఉచితంగా రాదు. నీటిని గడ్డకట్టించాలంటే యంత్రం 0 కంటే దిగువకు దిగాలి, అందుకు ఎక్కువ కరెంటు కావాలి. రాత్రి గాలి చల్లగా ఉండటం వల్ల ఆ భారం కొంత తగ్గుతుంది, అంతే. కాబట్టి ఈ పద్ధతి ప్రధానంగా చేసేది కరెంటు వాడే వేళను మార్చడం.

ఆ వేళకు ఇప్పుడు విలువ పెరుగుతోంది. మధ్యాహ్నం సౌరవిద్యుత్తు దండిగా వస్తుంది. సాయంత్రం సూర్యుడు దిగిపోయినా ఏసీలు ఆగవు. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనలు వేళను బట్టి కరెంటు ధర మారే విధానానికి, ఎండ ఉన్న గంటల్లో తక్కువ ధరకు దారి వేశాయి. మిట్టమధ్యాహ్నపు ఎండతో చేసిన ఐసు సాయంత్రపు ఉక్కపోతకు పనికొస్తుందన్నమాట.

ఊరి ఆరోగ్య కేంద్రంలో

ఈ నిల్వ ప్రాణాలనూ కాపాడుతుంది. టీకాలు దాచే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ గోడల్లో నీటితో నింపిన గొట్టాలో ప్యాకులో ఉంటాయి. కరెంటు ఉన్నప్పుడు ఆ నీరు గడ్డకడుతుంది. రోజుకు 8 గంటల కరెంటే వచ్చినా లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచగలదు. ఊళ్లో కరెంటు పోయినా పసిబిడ్డకు వేయాల్సిన టీకా పాడవకుండా ఉండటానికి కారణం, చేపల లారీలో పనిచేసిన ఆ గుప్తోష్ణమే.