తొలి ఉపరాష్ట్రపతి, రెండో రాష్ట్రపతి: ఆడమ్స్, రాధాకృష్ణన్

కర్మన్‌ఘాట్‌లో గది తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌కు వెళ్లే అభ్యర్థులు ఈ జంటను కలిపి చదివితే మరచిపోరు. జాన్ ఆడమ్స్ అమెరికా తొలి ఉపాధ్యక్షుడు, రెండో అధ్యక్షుడు. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ భారత తొలి ఉపరాష్ట్రపతి, రెండో రాష్ట్రపతి.

ఆడమ్స్ జీవితంపై హెచ్‌బీఓ 2008లో ఏడు భాగాల ధారావాహిక ప్రసారం చేసింది. ఆధారం డేవిడ్ మెక్‌కలో రాసిన ఆడమ్స్ జీవితచరిత్ర. పాల్ జియామట్టి నటించిన ఈ ధారావాహికకు 13 ఎమ్మీ అవార్డులు వచ్చాయి. చివరి భాగం 'పీస్‌ఫీల్డ్' ఆడమ్స్ వృద్ధాప్యానిది. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన భాగం అదే. 1801లో పదవి దిగాక ఆయన క్విన్సీలో పాతికేళ్లు బతికారు. 1812లో పాత ప్రత్యర్థి జెఫర్సన్‌తో ఉత్తరాలు మళ్లీ మొదలయ్యాయి. కొడుకు జాన్ క్విన్సీ 1825లో అధ్యక్షుడవడం బతికుండగానే చూశారు. స్వాతంత్ర్య ప్రకటనకు యాభై ఏళ్లు నిండిన 1826 జులై 4నే ఆడమ్స్, జెఫర్సన్ ఇద్దరూ కన్నుమూశారు. మరో అధ్యక్షుడు జేమ్స్ మన్రో మరణించిందీ జులై 4నే, కానీ 1831లో. పరీక్షలో తికమకపడేది ఇక్కడే.

తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన రాధాకృష్ణన్ 1931-36 మధ్య ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి. 1952-62 ఉపరాష్ట్రపతి, 1962-67 రాష్ట్రపతి. పదవి తర్వాత మద్రాసు మైలాపూర్‌లోని సొంతింటికి చేరారు. 1975లో టెంపుల్టన్ పురస్కారం దక్కింది. అదే ఏడాది ఏప్రిల్ 17న మరణించారు. ఆయన జీవితచరిత్రను కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ 1989లో వెలువరించారు.